రొయ్యల రేట్ల ఏపీఐలో క్వెరీ పారామీటర్లు: ప్రశ్నార్థకం నుంచి డేటాబేసు దాకా

భీమవరం, పాలకొల్లు, కైకలూరు చుట్టుపక్కల చెరువుల మీద రేటు అంటే కౌంట్‌తో కలిపి చెప్పాల్సిందే. కిలోకి వంద రొయ్యలు తూగితే వంద కౌంట్, ముప్పై తూగితే ముప్పై కౌంట్. రెండింటి ధరకూ పొంతన ఉండదు. ఈ రేట్లను ఫోన్‌లో చూపించే యాప్‌కి మీరు వెనకాల ఏపీఐ (యాప్ అడిగినదానికి సర్వర్ నుంచి జవాబిచ్చే ఏర్పాటు) రాస్తున్నారనుకోండి. రైతు యాభై కౌంట్ అడిగాడు, సర్వర్‌కి ఆ మాట సరిగా అందలేదు. అయినా ఏదో ఒక జాబితా తీసి, 200 (‘అంతా సవ్యం’) స్టేటస్‌తో పంపేసింది. తెర నిండా అంకెలు కనిపిస్తాయి, తప్పు జరిగిందన్న జాడే ఉండదు. వాటిని చూసుకుని ఆయన రేపు పట్టుబడి పెట్టుకోవాలా, ఇంకో వారం మేత వేయాలా అని తేల్చుకుంటాడు. సర్వర్ పడిపోతే గంటలో పదిమందికి తెలుస్తుంది. అదే సర్వర్ ఊహించి జవాబు చెబితే ఎవరికీ తెలియదు. క్వెరీ పారామీటర్లంటే వెబ్ చిరునామాలో (యూఆర్‌ఎల్‌లో) ప్రశ్నార్థకం తర్వాత పేరు=విలువగా వచ్చే షరతులు. వాటి విషయంలో జాగ్రత్తంతా ఈ ఊహించడం మీదే పెట్టాలి.

ఉదాహరణల్లో పారామీటర్ల పేర్లు చదవడానికి వీలుగా తెలుగులో రాస్తున్నాను. మీ కోడ్‌లో వాటిని చిన్న ఇంగ్లీషు అక్షరాలతో పెట్టుకోండి. ఎక్కువగా పైథాన్, దానిలో ఏపీఐలు రాసే ఫ్రేమ్‌వర్క్ (సిద్ధంగా దొరికే కోడ్ చట్రం) అయిన ఫాస్ట్‌ఏపీఐ గురించి మాట్లాడినా, చిక్కులు అన్ని చోట్లా ఒకటే.

అడుగు 1: ఏది దారిలో, ఏది ప్రశ్నలో

ఒక వస్తువు ఏదో గుర్తుపట్టే సంగతి దారిలో, అంటే చిరునామాలో ప్రశ్నార్థకానికి ముందున్న భాగంలో, ఉండాలి. ఉన్నవాటిలో కొన్నిటిని ఏరడం, వరుస పెట్టడం, పేజీలుగా విడగొట్టడం ప్రశ్నార్థకం తర్వాత ఉండాలి. రేట్లు నమోదయ్యే ఒక కేంద్రం వివరాలైతే `/కేంద్రాలు/27`. రేట్ల జాబితా అయితే ఇలా:

`/ధరలు?రకం=వనామి&కౌంట్=50&కేంద్రం=27`

దీనికి చిన్న పరీక్ష ఉంది. ప్రశ్నార్థకం తర్వాత ఉన్నదంతా కొట్టేసినా మిగిలిన చిరునామాకి అర్థం ఉండాలి. `/ధరలు` అంటే అన్ని ధరలు, కాబట్టి సరిపోయింది. `/కేంద్రం?ఐడీ=27` లో తోక కొట్టేస్తే ఏ కేంద్రమో తెలియదు, కాబట్టి ఆ ఐడీని దారిలోకి తేవాలి.

రైతు ఫోన్ నంబరు, లాగిన్ టోకెన్ లాంటివి మాత్రం క్వెరీలో ఎప్పుడూ పెట్టకండి. చిరునామా మొత్తం సర్వర్ లాగ్‌లో పడుతుంది, బ్రౌజర్ చరిత్రలో ఉంటుంది, మీ సర్వర్ ముందు హెచ్‌టీటీపీఎస్‌ని విప్పే ప్రాక్సీల లాగుల్లోకీ ఎక్కుతుంది. హెచ్‌టీటీపీఎస్ ఉన్నా ఈ మూడు చోట్లా దాపరికం ఉండదు. టోకెన్ హెడర్‌లో వెళ్లాలి.

అడుగు 2: తీగ మీద వచ్చేది అక్షరాలు మాత్రమే

చిరునామాల వ్యాకరణం ఇంటర్నెట్ ప్రమాణ పత్రాల్లో ఒకటైన 2005 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3986లో ఉంది. దాని ప్రకారం మొదటి ప్రశ్నార్థకం దగ్గర క్వెరీ మొదలై, # దగ్గరో చిరునామా చివరో ముగుస్తుంది. పేరు=విలువ, మధ్యలో & అనే పద్ధతి అందులో లేదు. అది వెబ్ ఫారాల నుంచి వచ్చిన అలవాటు. అందుకే ఒకే క్వెరీని ఒక్కో ఫ్రేమ్‌వర్క్ ఒక్కోలా విడదీస్తుంది. చిక్కులన్నిటికీ మూలం ఇదే.

విలువలో &, =, +, # ఉంటే వాటిని ఉన్నవి ఉన్నట్టు పంపకూడదు. శాతం గుర్తుతో ఎన్‌కోడ్ చేయాలి: & అయితే %26, # అయితే %23, ఖాళీ జాగా %20, అసలు శాతం గుర్తే అయితే %25. ఎన్‌కోడ్ చేయని # వస్తే ఆ తర్వాతి భాగం సర్వర్ దాకా రానే రాదు. బ్రౌజరే దాన్ని తన దగ్గర ఉంచేసుకుంటుంది.

తెలుగు విలువల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. తెలుగు లిపిలో ప్రతి సంకేతం, అక్షరాల్ని బైట్లుగా మార్చే పద్ధతి అయిన యూటీఎఫ్-8లో మూడు బైట్లు, ప్రతి బైటు ఎన్‌కోడ్ అయ్యాక మూడు గుర్తులు. ‘ర’ అంటే 224, 176, 176 అనే మూడు బైట్లు, అంటే తొమ్మిది గుర్తులు. ‘భీమవరం’లో గుణింతమూ సున్నా కలిపి ఆరు సంకేతాలున్నాయి, చిరునామాలో అది 54 గుర్తులవుతుంది. 2022 నాటి ఆర్‌ఎఫ్‌సీ 9110 కనీసం 8000 బైట్ల చిరునామాలకు అందరూ చోటివ్వాలని సిఫారసు చేసింది. కానీ మధ్యలో ఉండే ప్రాక్సీలు కొన్ని అంతకంటే తక్కువకే 414 (‘చిరునామా మరీ పొడవు’ అనే తప్పు) ఇచ్చేస్తాయి. యాభై ఊళ్ల పేర్లను తెలుగులో ఒకే క్వెరీలో గుచ్చాలనుకుంటే ఈ లెక్క ముందే చూసుకోవాలి.

ఎన్‌కోడింగ్ పని చేత్తో చేయకండి. జావాస్క్రిప్ట్‌లో యూఆర్‌ఎల్‌సెర్చ్‌పారామ్స్, పైథాన్‌లో యూఆర్‌ఎల్‌ఎన్‌కోడ్ ఉన్నాయి. జావాస్క్రిప్ట్‌లోని ఎన్‌కోడ్‌యూఆర్ఐ మాత్రం ఒక్క విలువ కోసం వాడదగ్గది కాదు. అది &, =, + లను ముట్టుకోదు. ఒక్క విలువకైతే ఎన్‌కోడ్‌యూఆర్ఐకాంపొనెంట్ వాడాలి. ఇక లైబ్రరీ ఒకసారి ఎన్‌కోడ్ చేసినదాన్ని మీరు ఇంకోసారి చేస్తే %20 కాస్తా %2520 అవుతుంది. లాగ్‌లో %25 తరచుగా కనిపిస్తోందంటే ఎక్కడో రెండుసార్లు చుట్టారని అర్థం.

మన దేశంలో కోడ్ రాసేవాళ్లకి ప్రత్యేకంగా తగిలే దెబ్బ ఒకటుంది. ఫారం పద్ధతిలో + అంటే ఖాళీ జాగా. మన కాలమానం రాతలో +05:30 అని వస్తుంది. దాన్ని ఎన్‌కోడ్ చేయకుండా పంపితే సర్వర్‌కి ‘06:00:00 05:30’ అని చేరుతుంది. కొన్ని లైబ్రరీలు దాన్ని తిరగ్గొడతాయి, అది అదృష్టం. చివరి ముక్క పట్టించుకోకుండా సమయాన్ని గ్రీనిచ్ లెక్కలో తీసుకునే కోడ్ అయితే అయిదున్నర గంటలు తేడా వస్తుంది. ప్లస్ గుర్తు %2B గా వెళ్లాలి.

అడుగు 3: టైపు ఒక్కచోట, గుమ్మం దగ్గరే

చెరువుకి నీళ్లు పెట్టేటప్పుడు తూముకి వల కడతారు, చెత్త చేపలు లోపలికి రాకుండా. లోపలికి వచ్చాక ఏరడం ఎవరివల్లా కాదు. విలువల్ని అంకెలుగా, తేదీలుగా మార్చి తనిఖీ చేసే పని కూడా అలా ప్రవేశం దగ్గరే, ఒకే ఒక్క చోట జరగాలి. లోపలి కోడ్‌కి ముడి అక్షరాలు చేరకూడదు.

ఫాస్ట్‌ఏపీఐలో ఇది తేలిక. ఫంక్షన్‌కి రాసిన ఆర్గ్యుమెంట్లలో దారిలో లేని సాదా విలువలన్నీ క్వెరీ పారామీటర్లుగా లెక్క. టైపు ‘ఇంట్’ అని, హద్దులు కనీసం 1, గరిష్ఠం 500 అని చెప్తే తప్పు విలువకి అదే 422 (‘విలువ చెల్లదు’) ఇచ్చేస్తుంది. ఇలాంటి సాయం లేని చోట చేత్తో మారుస్తారు. అక్కడ ఈ గుంటలు తప్పించుకోవాలి:

- ఇంకో పైథాన్ ఫ్రేమ్‌వర్క్ అయిన ఫ్లాస్క్‌లో పారామీటర్ తీసుకుంటూ టైపు ‘ఇంట్’, డిఫాల్ట్ 100 అని రాస్తే, ‘యాభై’ అని అక్షరాల్లో వచ్చినా అది గొడవ చేయదు. చప్పుడు లేకుండా 100 ఇచ్చేస్తుంది. రైతు అడిగింది యాభై కౌంట్, చూసింది వంద కౌంట్ రేటు. ముడి విలువ తీసుకుని మీరే మార్చండి, మారకపోతే 400 (‘అడిగింది తప్పు’) ఇవ్వండి.
- జావాస్క్రిప్ట్‌లో ఖాళీ మాటని నంబర్‌కి ఇస్తే 0 వస్తుంది. పార్స్‌ఇంట్‌కి ‘50కేజీ’ ఇస్తే 50 వస్తుంది. రెండూ ప్రమాదమే.
- పైథాన్‌లో ‘ఫాల్స్’ అన్న మాటని బూల్‌లో పెడితే నిజమనే చెబుతుంది, ఎందుకంటే అది ఖాళీ మాట కాదు. అనుమతించే మాటల పట్టిక పెట్టుకోవడమే దారి.
- పైథాన్ ఇంట్ తెలుగు అంకెల్ని కూడా చదువుతుంది. ‘౫౦’ ఇస్తే 50 అంటుంది. జావాస్క్రిప్ట్ అయితే అంకే కాదంటుంది. తెలుగు అంకెల్ని ఒప్పుకోవడం మంచిదే, కాకపోతే యాప్, సర్వర్ రెండూ ఒకే మాట మీద ఉండాలి.

పైథాన్ ఇంట్ ‘5_0’ని కూడా 50గా తీసుకుంటుంది. దాని వల్ల నష్టం జరగడం అరుదు. కానీ అంకె అంటే ఏమిటో మీరు తేల్చకపోతే భాషే తేల్చేస్తుందని చెప్పడానికి ఇది చాలు.

అడుగు 4: రానిది, ఖాళీగా వచ్చింది, రెండుసార్లు వచ్చింది

`/ధరలు`, `/ధరలు?కౌంట్=` ఒకటి కావు. మొదటిదానిలో వాడుకరి కౌంట్ గురించి ఏమీ అనలేదు, అన్ని కౌంట్లూ చూపించవచ్చు. రెండోదానిలో యాప్‌లోని పెట్టె ఖాళీగా ఉండగానే బటన్ నొక్కారు. దీనికి 400 ఇవ్వాలా, రానట్టే చూడాలా అన్నది మీ ఇష్టం. ఇంట్ పారామీటర్లకి నేనైతే 400 ఇస్తాను, వెతుకుడు మాటకైతే రానట్టే చూస్తాను. ఏది ఎంచుకున్నా రాసి పెట్టండి.

ఇక `కౌంట్=50&కౌంట్=30` అని వస్తే? జాంగో చివరిది తీసుకుంటుంది, పీహెచ్‌పీ కూడా అంతే. ఫ్లాస్క్, జావా సర్వ్‌లెట్ మొదటిది తీసుకుంటాయి. ఏఎస్‌పీ డాట్ నెట్ పాత పద్ధతిలో రెండిటినీ కామాతో అతికిస్తుంది. ముందు నిలబడ్డ గేట్‌వే మొదటిదాన్ని తనిఖీ చేసి, వెనకున్న సర్వర్ రెండోదాన్ని వాడితే ఆ తనిఖీకి విలువ లేదు. ఈ తేడాని వాడుకుని చేసే దాడులకు ఏకంగా ఒక పేరే ఉంది, పారామీటర్ పొల్యూషన్ అని.

అందువల్ల ప్రతి పారామీటర్‌కీ రెండిటిలో ఒకటి ప్రకటించండి: ఒక్కటే రావాలి, లేదా జాబితా రావచ్చు. ఒక్కటే రావాల్సిన చోట రెండు వస్తే 400. జాబితా అయితే పేరు మళ్లీ మళ్లీ రాసే పద్ధతే వాడండి. ఏపీఐలను వివరించే ప్రమాణం ఓపెన్‌ఏపీఐ డిఫాల్ట్ కూడా అదే. కామాలతో కలిపి రాస్తే చిరునామా పొట్టిగా ఉంటుంది గానీ, విలువలోనే కామా ఉన్న రోజున పంచాయితీ మొదలవుతుంది. జాబితాలో ఎన్ని దాకా ఒప్పుకుంటారో కూడా హద్దు పెట్టండి.

ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్లకి ఇంకో మాట. నాలుగో వెర్షన్‌లో డిఫాల్ట్‌గా పేరు పక్కన చదరపు బ్రాకెట్లు పెట్టి పంపితే విలువ మాటగా కాకుండా ఆబ్జెక్ట్‌గా తయారవుతుంది. దాన్ని అలాగే మాంగోడీబీ ఫిల్టర్‌లోకి తోస్తే, అడిగినవాడు తన సొంత షరతులు మీ డేటాబేసులో నడిపించుకోగలడు. అయిదో వెర్షన్ డిఫాల్ట్‌ని సాదా పద్ధతికి మార్చింది. ఏ వెర్షనైనా, వచ్చింది మాటేనా అని చూసుకోవాలి.

అడుగు 5: తెలియని పేరు వస్తే

చాలా ఫ్రేమ్‌వర్కులు తెలియని పారామీటర్లని పట్టించుకోవు. దీంతో నాకు పడదు. యాప్ రాసే కుర్రాడు ‘కేంద్రం’ బదులు ‘కేంద్ర’ అని రాశాడనుకోండి. సర్వర్ ఆ పేరు వదిలేసి, వడపోత లేకుండా అన్ని కేంద్రాల ధరలూ ఇస్తుంది. పాలకొల్లు రేటు అనుకుని చూస్తున్నది కైకలూరు రేటు అయి ఉండవచ్చు. పరీక్షలో అంకెలు వచ్చాయి కాబట్టి అతనికీ అనుమానం రాదు.

తెలియని పేరుకి 400 ఇవ్వండి, ఆ పేరేదో జవాబులో చెప్పండి. ఫాస్ట్‌ఏపీఐలో 0.115 వెర్షన్ నుంచి క్వెరీ పారామీటర్లన్నిటినీ ఒక పైడాంటిక్ (విలువల్ని తనిఖీ చేసే లైబ్రరీ) మోడల్‌గా రాసుకుని, అదనపు పేర్లు కుదరవని పెట్టవచ్చు. వాట్సాప్, ఫేస్‌బుక్‌లలో పంచుకునే మామూలు వెబ్ పేజీకి ఈ నియమం పెట్టకండి. అక్కడ చిరునామాకి ఎవరెవరో తోకలు తగిలిస్తారు, పేజీ తెరుచుకోకపోతే మీకే నష్టం.

అడుగు 6: కౌంట్ పరిధి, తేదీ పరిధి

కౌంట్‌కి కనిష్ఠం, గరిష్ఠం అని పేర్లు పెడితే గందరగోళం తప్పదు. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, కిలో రేటూ ఎక్కువ. ‘కనీసం 50’ అంటే రైతుకి యాభై కౌంట్, ఆపైన సైజు అని అర్థం. డేటాబేసుకి మాత్రం 50, 60, 100, అంటే చిన్న రొయ్య. కాబట్టి పేర్లలో పెద్ద, చిన్న అన్న ఊసే లేకుండా చూడండి:

`/ధరలు?కౌంట్_నుంచి=30&కౌంట్_వరకు=50`

రెండు చివర్లూ కలిపే అని రాయండి. ఎవరైనా 100 నుంచి 30 అని తిప్పి పంపుతారు. రేటు పట్టీలు వంద కౌంట్‌తోనే మొదలవుతాయి కాబట్టి అలా పంపడం సహజమే. అప్పుడు సర్వర్ ఖాళీ జాబితా ఇస్తే ‘ఇవాళ రేటు లేదు కాబోలు’ అనుకుంటారు. ‘నుంచి’ విలువ ‘వరకు’ కంటే పెద్దదిగా ఉందని చెప్పి 400 ఇవ్వండి.

తేదీకి సంవత్సరం-నెల-రోజు వరుస ఒక్కటే ఒప్పుకోండి: 2025-06-05. మన అలవాటు ప్రకారం 05-06-2025 అని వస్తే అది జూన్ అయిదో, మే ఆరో సర్వర్‌కి తెలిసే దారి లేదు. రెండిట్లో ఏదో ఒకటి అనుకోవడం కంటే తిప్పి పంపడం నయం.

రోజు ఎక్కడ మొదలవుతుందో కూడా మీరే తేల్చాలి. చాలామంది డేటాబేసులో సమయాన్ని గ్రీనిచ్ లెక్కలో దాస్తారు, దాయాల్సిందే. కానీ మన అర్ధరాత్రి అక్కడ ముందురోజు 18:30. తెల్లవారుజామున నాలుగింటికి చెరువు గట్టు మీద నమోదైన రేటు, గ్రీనిచ్ తేదీతో వెతికితే నిన్నటి ఖాతాలో పడుతుంది. కాబట్టి `తేదీ=2025-06-05` వస్తే దాన్ని భారత కాలమానంలో ఆ రోజు మొదలు నుంచి మర్నాటి మొదలు వరకు అనే పరిధిగా మార్చాలి. మొదటి చివర కలుస్తుంది, రెండోది కలవదు. 23:59:59 అని రాసే పద్ధతిలో ఆఖరి సెకను ముక్క జారిపోతుంది.

అడుగు 7: ఊరి పేరుతో వడకట్టకండి

నరసాపురం అని ఒకరు, నర్సాపురం అని ఒకరు, నరసాపూర్ అని ఇంకొకరు రాస్తారు. మనుషులకి ఇది సమస్య కాదు. సమానం గుర్తుతో పోల్చే కోడ్‌కి మూడూ మూడు ఊళ్లు. కంటికి కనిపించని తేడాలు కూడా ఉన్నాయి. ‘కైకలూరు’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వమూ దాని కింద వేరే గుర్తూ కలిపి రెండుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, బైట్లు మాత్రం కలవవు. అందుకే వచ్చిన ప్రతి తెలుగు మాటనీ, ఇలాంటి రెండు రాతల్ని ఒకటి చేసే యూనికోడ్ పద్ధతి అయిన ఎన్‌ఎఫ్‌సీ రూపానికి మార్చుకుని, డేటాబేసులో దాచేటప్పుడూ అదే రూపంలో దాచాలి. కీబోర్డులు దూర్చే కనిపించని విడదీత సంకేతాల్ని ఊరి పేర్ల నుంచి తీసేయవచ్చు.

ఇదంతా వెతుకుడు పెట్టె కోసం. వడపోతకి మాత్రం కేంద్రం కోడే వాడండి. వెతుకుడు ఒక ఎండ్‌పాయింట్ (ఏపీఐలో ఒక పనికి కేటాయించిన చిరునామా), అది పేరు తీసుకుని కోడ్ ఇస్తుంది. ధరల ఎండ్‌పాయింట్ కోడ్ మాత్రమే తీసుకుంటుంది.

జిల్లాతో వడపోత పెట్టేటట్టయితే ఇంకో మెలిక ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. కైకలూరు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకి, అమలాపురం తూర్పుగోదావరి నుంచి కోనసీమకి వెళ్లాయి. `జిల్లా=కృష్ణా&సంవత్సరం=2021` అని అడిగినవాళ్లకి కైకలూరు రావాలా, వద్దా? దీనికి సరైన జవాబు ఒక్కటే అని లేదు. నేటి హద్దుల ప్రకారమే లెక్క అని ఒక ఏపీఐ చెప్పవచ్చు, ఆ రోజున్న హద్దుల ప్రకారమని ఇంకొకటి చెప్పవచ్చు. చెప్పకుండా వదిలేస్తే మాత్రం పాత గణాంకాలు పోల్చేవాళ్లు తప్పుదారి పడతారు.

అడుగు 8: వరుస, పేజీలు

`వరుస=-ధర` అంటే ఎక్కువ నుంచి తక్కువకి. ముందు మైనస్ పెట్టే ఈ పద్ధతి చాలా ఏపీఐల్లో కనిపిస్తుంది. ధరలు సమానమైనప్పుడు ఏది ముందో డేటాబేసు ఇష్టానికి వదిలేయకుండా, చివర ఐడీ కూడా చేర్చండి. లేకపోతే ఒకే రేటున్న వరుసల్లో కొన్ని రెండు పేజీల్లోనూ కనిపించి, కొన్ని ఏ పేజీలోనూ కనిపించకుండా పోతాయి.

పేజీ నంబర్ల పద్ధతి రాయడం తేలిక. కానీ పదివేల వరుసలు దాటి అడిగితే డేటాబేసు ఆ పదివేలూ చదివి పారేసి తర్వాతివి ఇస్తుంది. పైగా రైతు రెండో పేజీకి వెళ్లేలోపు కొత్త రేటు పడితే అంతా ఒక మెట్టు కిందికి జరిగి, చూసిందే మళ్లీ కనిపిస్తుంది. రేట్లు రోజంతా పడుతూ ఉండే చోట కర్సర్ వాడండి: చివరి వరుస తేదీ, ఐడీ కలిపి ఒక ముద్దగా ఇచ్చి, ‘దీని తర్వాతివి’ అని అడిగించాలి.

పేజీ పరిమాణానికి గరిష్ఠ హద్దు తప్పనిసరి. లక్ష అడిగితే తిప్పికొట్టాలా, వందకి తగ్గించి ఇవ్వాలా? ఇక్కడ నేను మెత్తబడతాను. వందే ఇచ్చానని, మిగతావి ఉన్నాయని జవాబులో చెబుతూ తగ్గిస్తే అందులో అబద్ధమేమీ లేదు.

అడుగు 9: డేటాబేసు గడప

విలువల్ని ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించకూడదని అందరికీ తెలుసు, బైండింగ్ (విలువని వాక్యంలో కలపకుండా విడిగా పంపడం) వాడతారు. వరుస దగ్గరే జారతారు. కాలమ్ పేరుని బైండ్ చేయడం కుదరదు కాబట్టి అక్కడ అతికించేస్తారు. ‘ధర’, ‘కౌంట్’, ‘తేదీ’ అనే మూడు మాటలకి మూడు కాలమ్ పేర్ల పట్టిక కోడ్‌లో రాసుకుని, అందులో లేనిదాన్ని తిరగ్గొట్టండి. వచ్చిన మాట ఎస్‌క్యూఎల్‌ని తాకనే కూడదు. వెతుకుడులో లైక్ (మాటలో కొంత భాగం కలిసినా పట్టే ఎస్‌క్యూఎల్ పోలిక) వాడితే %, _ గుర్తుల్ని ఎస్కేప్ చేయాలి. లేకపోతే ఒక్క % పంపి పట్టికంతా దింపుకోవచ్చు.

అడుగు 10: తప్పుని తప్పుగా చెప్పడం

27వ కేంద్రం ఉంది, ఇవాళ రేటు పడలేదు: 200, ఖాళీ జాబితా. 9999 అనే కేంద్రమే లేదు: 400. ఈ రెండిటినీ కలపకండి. జాబితా ఖాళీగా ఉందని 404 ఇవ్వకండి, అడిగిన చిరునామా ఉంది కదా. 400, 422 మధ్య ఏది వాడినా ఫరవాలేదు, ఒకటే వాడండి.

తప్పు వివరాలకి 2023లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9457 ఒక రూపం ఇచ్చింది, దాన్నే తీసుకోండి. అందులో ఏ పారామీటర్, ఏం వచ్చింది, ఏం రావచ్చు అనే మూడూ చేర్చండి. ఒకేసారి మూడు తప్పులుంటే మూడూ ఒకే జవాబులో చెప్పాలి. మనుషులు చదివే వాక్యం తెలుగులో ఉండవచ్చు, కోడ్ చూసుకునే గుర్తు మాత్రం మారకుండా ఉండాలి.

అడుగు 11: టెర్మినల్‌లో పరీక్ష

టెర్మినల్ నుంచి అభ్యర్థనలు పంపే సాధనం కర్ల్‌తో పరీక్షించేటప్పుడు చిరునామాని ఒంటి కోట్లలో పెట్టండి. పెట్టకపోతే షెల్ మొదటి & దగ్గరే ఆదేశాన్ని తెంచి, ఆ ముక్కని తెర వెనక నడిపించేస్తుంది. సర్వర్‌కి మొదటి పారామీటర్ ఒక్కటే చేరి, వడపోత పనిచేయడం లేదని మీరు కోడంతా వెతుకుతారు. పెద్ద ‘జీ’ ఆప్షన్‌తో డేటా-యూఆర్‌ఎల్‌ఎన్‌కోడ్ వాడితే తెలుగు విలువల్ని కూడా అదే చుట్టి పంపుతుంది.

కనీసం వీటిని పంపి చూడండి: కౌంట్ ఖాళీగా, కౌంట్ రెండుసార్లు, -1, ‘50కేజీ’, ‘౫౦’, తిరగేసిన పరిధి, ఎన్‌కోడ్ చేయని +05:30, రెండు రకాలుగా రాసిన కైకలూరు, పేరు తప్పిన పారామీటర్. వీటిలో దేనికైనా 200తో నిండు జాబితా వస్తే, ఆ అంకెలు సరైనవని మీరు గట్టిగా చెప్పగలగాలి.

అడుగు 12: పేరు మార్చాల్సి వస్తే

ఫోన్లలో పాత యాప్‌లు నెలల తరబడి అలాగే ఉంటాయి. ‘కౌంట్’ని ‘సైజు’గా మార్చాలనుకుంటే కొంతకాలం రెండు పేర్లూ ఒప్పుకోండి. రెండూ ఒకే అభ్యర్థనలో వస్తే 400. పాత పేరు ఎన్నిసార్లు వస్తోందో లాగ్‌లో లెక్కపెట్టండి. ఆ లెక్క బాగా పడిపోయాక పాత పేరు తీసేయండి. తీసేశాక కూడా ఆ పేరు మీద 400లో ‘ఇప్పుడు సైజు అని పంపాలి’ అన్న వాక్యం ఉంచండి. అడుగు 5లో పెట్టిన నియమం ఉంది కాబట్టి పాత యాప్‌కి తప్పు రేటు వెళ్లదు, ఆ వాక్యమే వెళ్తుంది.